బడి తొట్టిలో టేకు చేప

ఈ సంగతి ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని తిరిగాను. పాఠం చెబుతున్నా, పెళ్ళిళ్ళలో వడ్డిస్తున్నా, ఆస్పత్రి మంచం మీద పడి ఉన్నా అది నాతోనే ఉంది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఒక్కటి మాత్రం ముందే చెప్పేస్తాను. మీ జాలి కోసం రాయడం లేదు. క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి పోయాడు. మిగతావాళ్ళు క్షమిస్తే నాకేమిటి, క్షమించకపోతే నాకేమిటి?

నేను ఒక చేపను చంపాను. ఆ చేపను ఒక మనిషి దొంగిలించి తిన్నాడని ఊరంతా అంటే నోరు మూసుకుని కూర్చున్నాను. మొదటిది పొరపాటు. రెండోది తెలిసి చేసిన పని.

చేప కోసం ఇంత ఏడుపా అని నవ్వుతారేమో. నవ్వండి. అప్పుడూ అందరూ నవ్వారు.

అరవైల చివరి రోజులు. పలాస నుంచి అక్కుపల్లి వెళ్ళే దారిలో, ఉద్దానంలో ఒక ఊరి హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని. మా నాన్న పలాసలో పూజారి. ఆ స్కూల్లో చీర కట్టుకుని స్టాఫ్ రూములో కూర్చున్న మొదటి మనిషిని నేనే. కుర్చీ ఎటు వేయాలో తెలియక చాలా రోజులు కిటికీ పక్కన విడిగా వేశారు. లెక్కల మాస్టారు నా వెనక ఏమనేవారో నాకు తెలుసు. కప్పను కోయమంటే కళ్ళు తిరిగి పడిపోతుంది, ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతుంది, ఆ పోస్టు ఎవరైనా మగపిల్లాడికిస్తే కుటుంబం బతికేది. నా ముందు మాత్రం "అమ్మాయిగారూ" అనేవారు.

నేను కప్పను కోశాను. కళ్ళు తిరగలేదు. అక్కడితో ఆగితే బాగుండేదేమో, ఆగలేదు. ల్యాబు వెనక కలువల కోసం కట్టి వదిలేసిన పెద్ద సిమెంటు తొట్టి ఉండేది. అందులో బతికున్న చేపను పెంచి పిల్లలకు చూపిస్తానన్నాను. మామూలు చేప కాదు, టేకు.

చూడని వాళ్ళకి చెబుతాను. టేకు చేప చేటలా వెడల్పుగా, పల్చగా ఉంటుంది. కళ్ళు పైన, నోరు కింద. కొరడాలాంటి తోక, తోక మీద రంపపు పళ్ళున్న ముల్లు. అది గుచ్చుకుంటే సముద్రంలో పుట్టి పెరిగిన మగవాడు కూడా బావురుమంటాడు. ఉప్పునీటి చేపే గాని, కొన్ని వరద రోజుల్లో ఏరు పట్టుకుని పైకి వచ్చేసి మంచినీళ్ళకే అలవాటు పడి అక్కడే ఉండిపోతాయి. అలాంటిదొకటి కావాలన్నాను. తెచ్చినవాడు అప్పన్న.

అప్పన్న మా స్కూలు అటెండరు. ఇంకా పర్మనెంటు కాలేదు. పుట్టింది అక్కుపల్లిలో, సముద్రం ఒడ్డున. కాని సముద్రమంటే అతనికి చచ్చేంత భయం. చిన్నప్పుడు అన్నతో పాటు పడవ తిరగబడింది. ఇతను ఒడ్డుకొచ్చాడు, అన్న రాలేదు. అప్పటి నుంచి అతను మోకాలి లోతు దాటి నీళ్ళలోకి దిగలేదు. వాళ్ళ పల్లెలో అదొక పెద్ద నవ్వులాట. అందుకే బడి పక్కన పాక వేసుకుని, గంట కొట్టుకుంటూ, కుర్చీలు తుడుచుకుంటూ ఉండేవాడు. ఆ గంట అతనికి ఎంత ముఖ్యమో ఇప్పుడు మీకు తెలిసింది. నాకు అప్పుడే తెలుసు.

తడి గోనెలో చుట్టి, పెద్ద గంపలో పెట్టి తెచ్చాడు. మామూలుగా వలలో పడగానే ముల్లు విరిచేస్తారు. నేనడిగానని విరవకుండా, దానికి కొబ్బరి పీచు కట్టి తెచ్చాడు. అప్పటికి అది అన్నం పళ్ళెమంత ఉంది. పిల్లలు చేటమ్మ అని పేరు పెట్టారు. లెక్కల మాస్టారు తొట్టిలోకి తొంగి చూసి, పంతులమ్మగారు మనకెప్పుడు కూర వండి పెడతారో అన్నారు. అందరూ పళ్ళు ఇకిలించారు. ఇంట్లో మా నాన్న ఒకటే మాటన్నారు. బడిలో ఏది ముట్టుకున్నావో నాకు చెప్పకు, నూతి దగ్గర తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి రా. రెండేళ్ళు రోజూ సాయంత్రం తలమీద నీళ్ళు పోసుకున్నాను. చలికాలంలో కూడా.

ఆ చేపంటే నాకు ప్రాణం. సిగ్గెందుకు? పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టని దాన్ని, రొయ్యలు వలిచి నా చేత్తో పెట్టేదాన్ని. గోడ మీద వేళ్ళతో తడితే అడుగు నుంచి లేచి, అంచులు అలలా ఆడించుకుంటూ వచ్చి, నా అరచేతి మీదికి ఎక్కేది. దాని కింది నోరు మెత్తగా తగిలేది. నేను లేని రోజు అప్పన్న పెట్టేవాడు. అతని చేతికీ వచ్చేది.

మొదట్లో నీళ్ళు శుభ్రం చేయడానికి ఒక పెద్ద కుండ ఉండేది. అడుగున చిల్లు, చిల్లుకి పీచు, పైన ఇసుక. అప్పన్న తొట్టిలో నీళ్ళు బకెట్టుతో తోడి కుండలో పోసేవాడు, అవి కారి మళ్ళీ తొట్టిలో పడేవి. పళ్ళెమంత చేపకు అది చాలింది. ఏడాది దాటేసరికి చేటమ్మ నిజంగానే చేటంత అయింది. తిండి పెరిగింది. తిండి పెరిగితే మైల పెరగదా? నీళ్ళు కంపు కొట్టడం మొదలెట్టాయి. పైన సబ్బు నురగలా కట్టేది. చేటమ్మ మేత మానేసి గోడవార ఒదిగి పడుకునేది. చేప పెద్దదైతే వడపోత కూడా పెద్దది కావాలి. అది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చేసి చూపించడానికి కావాలి. నేను చేసి చూపిస్తానన్నాను.

ఈ భాగం గర్వంగానే చెబుతాను, వినండి. కిరసనాయిలు డ్రమ్ములు మూడు సంపాదించి, సున్నం పోసి కడిగి, ఎండలో పెట్టి వాసన పోగొట్టించాను. మెట్లు మెట్లుగా ఇటుకల దిమ్మె కట్టించి, దాని మీద ఎక్కించాను. పై డ్రమ్ములో గులకరాళ్ళు, పీచు. మధ్య డ్రమ్ములో ఇసుక. కింది డ్రమ్ములో బొగ్గు. ఊళ్ళో ఎండిపోయిన నూతి మీది చేతిపంపు అడిగి తెచ్చి తొట్టికి బిగించాం. పంపు కొడితే నీళ్ళు పై డ్రమ్ములోకి ఎక్కుతాయి, అక్కణ్ణుంచి వాటంతటవే ఒకదాన్లోంచి ఒకదాన్లోకి దిగి, చివర చిల్లుల రేకు మీదుగా వానలా తొట్టిలో పడతాయి. పడేటప్పుడు గాలిని కూడా తీసుకెళతాయి. నీళ్ళలో ఊపిరికి అది కావాలి. డ్రిల్లు పీరియడులో పంపు కొట్టడానికి పిల్లలు వంతుల కోసం దెబ్బలాడుకునేవారు. ఇదంతా ఒక పాత జువాలజీ పుస్తకంలో ఒక పేరా, ఒక బొమ్మ చూసి నా బుర్రతో నేను వేసుకున్న లెక్క. ఎవరూ చెప్పలేదు.

తప్పు ఎక్కడ చేశానంటే, తొందరలో చేశాను. మంగళవారం ఇనస్పెక్షన్. పైనుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారు. బతికున్న టేకు, దాని పక్కన మూడు డ్రమ్ముల యంత్రం చూపించాలి. కుండలోని పాత ఇసుక నల్లగా, జిగటగా ఉంటే అసహ్యపడి పారబోయించాను. నీళ్ళను బాగుచేసే ప్రాణులు ఆ జిగటలోనే బతుకుతాయని చాలా ఏళ్ళకి గాని చదవలేదు. అయినా చేటమ్మను చంపింది అది కాదు, బొగ్గు.

కొబ్బరి చిప్పల బొగ్గు కావాలంటే గొయ్యి తవ్వి, చిప్పలు పేర్చి, మట్టి కప్పి, రోజుల తరబడి ఓపిగ్గా కాల్చాలి. అప్పన్న చిప్పలు పోగేస్తున్నాడు కూడా. నాకు ఓపిక లేదు. రోడ్డుకి అవతల జీడి బట్టీ ఉంది. పిక్కలు వేయించి, పప్పు తీసుకుని, తొక్కలు బయట పోసేవారు. నల్లటి గుట్ట, అడిగేవాడు లేడు. ఇంటి ముందర బొగ్గుల కొండ పెట్టుకుని గొయ్యి తవ్వడమెందుకు అనుకున్నాను.

మా వైపు జీడి పిక్క సంగతి తెలియని మనిషి ఉండడు. పచ్చి పిక్క కొరికితే మూతి పొక్కుతుంది. ఆ నూనె పడవలకు పూస్తారు, పురుగు పట్టకుండా. నీళ్ళలో పురుగును చంపే నూనె అది. ఇదంతా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. కాని నిప్పు తగిలితే ఆ గుణం చచ్చిపోతుందని కూడా మా వాళ్ళందరి లాగే నాకు తెలుసు. వేయించిన పిక్కలోంచి తీసిన పప్పునే కదా పాయసంలో వేసుకుంటాం? వేరే ఊరి మనిషైతే ఆ గుట్టను చూసి భయపడేదేమో. నేను పలాస దాన్ని కాబట్టి భయపడలేదు. నల్లగా ఉన్నదల్లా బొగ్గే అనుకున్నాను. ఒక్క తొక్క విరిచి చూడలేదు. విరిస్తే లోపల నూనె ఇంకా తడిగా, తేనె రంగులో కనిపించేది.

నా చేతులతోనే ఏరాను, అప్పన్న కూడా గంపలు మోస్తే నా చేతులతోనే డ్రమ్ము నింపాను. శనివారం మధ్యాహ్నం పంపు కొట్టించాను. చిల్లుల రేకు మీంచి నీళ్ళు తెల్లగా పడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, "బాగుందమ్మా" అన్నారు. లెక్కల మాస్టారు ఏమీ అనలేదు, అది నాకు ఇంకా బాగుంది. తల ఎత్తుకుని బస్సెక్కాను.

ఆదివారం పొద్దున్న పెరట్లో మొహం కడుక్కుంటూ నా చేతులు చూసుకున్నాను. వేళ్ళ సందుల్లో పొక్కులు. జీడి పొక్కులు. వాటిని గుర్తుపట్టడానికి మాకు డాక్టరు అక్కర్లేదు. నా చేతికే ఇలా ఉంటే ఆ నీళ్ళలో ఉన్నదానికి? చెంబు అక్కడే వదిలేసి మొదటి బస్సుకి పరుగెత్తాను. ఆ రోజుల్లో కొండల వైపు నక్సలైట్ల గొడవలు, రోడ్ల మీద పోలీసులు. దారిలో బస్సాపి సంచులు వెతికారు. ఎక్కడికమ్మా ఆదివారం పూట అని అడిగితే, బళ్ళో చేపకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. వాళ్ళూ నవ్వారు.

నీళ్ళ మీద రంగురంగుల తెట్టు. చేటమ్మ అడుగున పడి ఉంది. అంచులు వేయించిన అప్పడంలా పైకి ముడుచుకున్నాయి. ఒంటి మీది జిగురు తెల్లగా పొరలు పొరలుగా ఊడి వస్తోంది. గోడ మీద తట్టాను. రాలేదు. అడుగు బిరడా లాగేశాను. నీళ్ళు పోతున్నంతసేపూ పక్కన కూర్చుని చూశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇది నాకు నేను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. అది చచ్చిపోయిందని అనుకున్నాను. గోనె మీదికి లాగుతుంటే దాని కళ్ళ వెనక ఊపిరి రంధ్రాలు ఒకసారి మూసుకుని తెరుచుకున్నట్టు అనిపించింది. అనిపించిందా, తెరుచుకున్నాయా? మంచినీళ్ళు తోడి పోసి చూడాల్సింది. బడి నుయ్యి అక్కడే ఉంది. పోయలేదు. అప్పటికే నా బుర్రలో మంగళవారం తిరుగుతోంది.

బడి వెనక కొబ్బరి మొక్కలు పెట్టడానికి అప్పన్న గోతులు తవ్వి ఉంచాడు. ఒక గోతిలోకి ఈడ్చి మట్టి కప్పాను. ముల్లు గుచ్చుకుంటుందన్న భయంతో ముందే రాయితో కొట్టి విరిచి, పీచుతో సహా నా చేతిసంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో తెలియదు. పారేయబుద్ధి కాలేదు. జీడి తొక్కలన్నీ గంపతో మోసి బట్టీ గుట్టలో కలిపేశాను. ఆదివారం కాబట్టి బడి దగ్గర పురుగు లేదు. మర్నాడు పిల్లలు అదే గోతిలో మొక్క నాటి నీళ్ళు పోశారు.

ఎందుకు దాచావని అడుగుతారు. అడగండి. చెబితే ఏమయ్యేది? ఆడపిల్ల యంత్రం కట్టింది, ఒక్క రోజులో చేపను చంపింది. అంతే, ఇంకెవరూ ఇంకేమీ వినరు. నా తర్వాత ఆ కుర్చీలో ఇంకో ఆడపిల్లను కూర్చోబెట్టేవారా? ఇంట్లో మా నాన్న అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. నేను దాచింది చేపను కాదు, నా ఉద్యోగాన్ని. ఎవరో దొంగలు ఎత్తుకుపోయారనుకుంటారు, రెండు రోజులు తిట్టుకుని మర్చిపోతారు అనుకున్నాను. దొంగకు పేరు పెడతారని అనుకోలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, అది మాత్రం అనుకోలేదు.

అదే ఆదివారం అప్పన్న పొద్దున్నే అక్కుపల్లి వెళ్ళాడు. అతని భార్య బడి పక్క పాకలోనే, గడప దాటకుండా పురిటి మంచం మీద ఉంది, ఆడపిల్ల పుట్టింది. సముద్రపు పల్లెల్లో బాలింతకు సొరో టేకో వండి పెట్టాల్సిందే, పాలు పడతాయని. అక్కుపల్లిలో బావమరిది వలలో పడిన టేకు ముక్కలు తెచ్చి, సాయంత్రం వండించాడు. ఆ వాసన బడి వీధంతా కొట్టింది.

సోమవారం పొద్దున్న తొట్టి ఖాళీ. నీళ్ళు వదిలేసి చేపను పట్టుకున్నట్టు కనిపిస్తూనే ఉంది. ఇంట్లో బాలింత. నిన్న రాత్రి టేకు కూర. ఇంకా ఆలోచించాల్సిందేముంది? హెడ్మాస్టరు గారు కోపంతో ఊగిపోయారు. ఉద్యోగంలోంచి తీసేస్తానన్నారు, ఠాణాలో అప్పజెబుతానన్నారు. ఆ రోజుల్లో ఉద్దానంలో ఠాణాకి వెళ్ళినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేదు.

మధ్యాహ్నం అప్పన్న ల్యాబు గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. అప్పుడు మేం మాట్లాడుకున్న ప్రతి మాటా నాకు గుర్తుంది.

"టీచరమ్మా, ఎడ్మాట్టారు మీ మాటింటారు. ఒక్క మాట సెప్పండమ్మా."

"నేనేం చెప్పను అప్పన్నా?"

"అప్పన్న తిన్నేదని సెప్పండి. అంతే. ఇంకేటీ సెప్పొద్దు."

"నిన్న మీ ఇంట్లో టేకు కూర వండారట కదా."

"వొండినామమ్మా. ఇంట్లో బాలింతరాలుంటే ఇంకేటి వొండుతాం? అది అక్కుపల్లి టేకు. మా బావమర్ది వొలలో పడ్డాది. బడి సేపని నానెలా కోత్తానమ్మా? నా సేత్తో మేపినాను గదా."

నేను బల్ల మీది గాజు సీసాలు సర్దడం మొదలెట్టాను.

"పోనీ, నాను తింటే ముల్లేదమ్మా? మావోళ్ళు సముద్రం కాడే ముల్లిరిసేత్తారు. బడి టేకుకి ముల్లున్నాది. రండి, నా ఇల్లంతా ఎతకండి. ఆ ముల్లు దొరికితే నన్నేటైనా సేసుకోండి."

నా వెనక గోడ మేకుకి నా చేతిసంచి వేలాడుతోంది. ముల్లు అందులో ఉంది.

అతను నా చేతుల వైపు చూశాడు. నేను కొంగు కింద పెట్టుకోబోయాను, ఆలస్యమైంది.

"సేతులకేటయినాదమ్మా?"

"జీడిపళ్ళు కోశాను."

"అలగా" అన్నాడు.

జీడి కాపు రోజులే. ఊళ్ళో సగం మందికి పొక్కులున్నాయి. ఎవరికీ అనుమానం రాదు. కాని అతను ఆ తొక్కలు నాతో పాటు మోశాడు. అతని అరచేతులు బకెట్టు పట్టీ, పారా రాసి మొద్దుబారినవి కాబట్టి పొక్కలేదు. నా చేతులు చూసి, తొట్టి వైపు చూసి, మళ్ళీ నన్ను చూశాడు. అతనికి అర్థమైంది. ఇన్నేళ్ళలో ఎన్నో రకాలుగా నచ్చజెప్పుకున్నాను గాని, అతనికి అప్పుడే అర్థమైంది. అయినా నిజం చెప్పమని అడగలేదు. అప్పన్న తినలేదని చెబితే చాలన్నాడు. నన్ను బయటపెట్టకుండా తనను వదిలేసే దారి అతనే చూపించాడు.

నేనేమన్నానో వినండి. "నేను చూడలేదు అప్పన్నా. చూడని దానికి ఎలా చెప్పను?" అన్నాను.

అతను భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. హెడ్మాస్టరు గారి హుకుం మీద పిల్లలు నూతి నీళ్ళతో తొట్టి నింపుతూ సగంలో వదిలేసి పోయారు. అతను వెళ్ళి మిగతాది నింపాడు. చేద బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే పాక ఖాళీ చేసి, పచ్చి బాలింతను బండెక్కించి, అక్కుపల్లి తీసుకుపోయాడు.

మంగళవారం ఆఫీసరు వచ్చారు. బొగ్గు లేని కింది డ్రమ్ములో ఉత్త పీచు నింపి ఉంచాను. చేప లేని తొట్టిలోకి తేటగా నీళ్ళు పడుతున్నాయి. ఆయన చూసి, ఇది మన అమ్మాయి సొంతంగా కట్టిందా అని అడిగి, అందరి ముందూ మెచ్చుకున్నారు. చేపను తిన్న దుర్మార్గుడి గురించి హెడ్మాస్టరు గారు చెబుతుంటే ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఇది కూడా రాయాలి కదా.

అప్పన్న మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాడు. వేరే దారేముంది? బావమరిది పడవలో కూర్చుని కళ్ళు మూసుకునేవాడట. ఒడ్డున అందరూ చూస్తుండగా వాంతులు చేసుకునేవాడట. నాకు ఇదంతా పిల్లల ద్వారా తెలుస్తూనే ఉండేది. మునిగిపోలేదు, ముసలివాడై ఇంట్లోనే పోయాడు. అన్నేళ్ళూ పొద్దున్న లేచి తనకు చచ్చేంత భయమైన చోటికి వెళ్ళి వచ్చాడు.

నేనేం చేశాను? మళ్ళీ కట్టాను. అప్పన్న పోగేసి వదిలేసిన కొబ్బరి చిప్పలతోనే గొయ్యి తవ్వించి బొగ్గు కాల్పించాను. ఈసారి ప్రతి ముక్కా విరిచి చూశాను. ఇసుక మీద జిగట పట్టేదాకా ఓపిక పట్టాను. ఇంకో టేకు తెప్పించాను. అది ఆ తొట్టిలో చక్కగా బతికింది, పెరిగింది. టెక్కలి బదిలీ అయితే అక్కడ కట్టాను, పలాస వస్తే పలాసలో కట్టాను. నా దగ్గర చదివిన ఆడపిల్లలు ఇవాళ టీచర్లు, నర్సులు. ఒకమ్మాయి మంచినీళ్ళ పథకంలో ఇంజనీరు. నా డ్రమ్ములు చూసే ఆ చదువులోకి వెళ్ళానని చెబుతుంది. ఇదంతా అబద్ధమా? కాదు. ఇది నేను కష్టపడి సంపాదించుకున్నది. అప్పన్న విషయంలో తప్పు చేశాను గనక ఇదంతా తీసి గోతిలో వేసి మట్టి కప్పమంటారా? కప్పను. ఆ సోమవారం మళ్ళీ వస్తే ఏం చేస్తావని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నిజం చెప్పేస్తానని ఒక్కసారి కూడా గట్టిగా అనలేకపోయాను. కాని అతనడిగిన ఆ చిన్న మాట? నాకేమీ నష్టం లేని ఆ ఒక్క మాట? అది ఎందుకు చెప్పలేదు? భయం ఒకసారి పట్టుకుంటే అంతటితో ఆగదు కాబోలు. అతని తరఫున నోరు విప్పితే నా వైపు చూస్తారని భయపడ్డాను. అంతే. అది పిరికితనం. ఇంకో పేరు పెట్టను.

రిటైరయ్యాక ఒకసారి సుమ్మాదేవి స్టేషన్లో పాసింజరు కోసం కూర్చున్నాను. పక్కన ఎండుచేపల గంపతో ఒక ఆడమనిషి. గట్టి మనిషి, పెద్ద గొంతు. ఏ ఊరని అడిగితే అక్కుపల్లి అంది. ఎవరమ్మాయివి అంటే, "బడి అప్పన్న కూతుర్ని" అంది. నేనెవరో ఆమెకు తెలియదు. అడక్కుండానే నవ్వుతూ తన కథ చెప్పుకొచ్చింది. ఊళ్ళో అందరూ ఆమెను బడి టేకు అని పిలుస్తారట. బడి చేపను తిన్న తల్లి పాలు తాగింది కాబట్టి.

"మా అయ్యకి సముద్రవంటే బయమమ్మా. ఉజ్జోగం పోతే మళ్ళీ సముద్రానికే ఎల్లాలని తెలుసు. అయినా మా అమ్మ కోసం ఆ టేకుని కోసీసినాడు. మా అమ్మ పోయేదాకా అది సెప్పుకునే మురిసిపోయీది."

మీ నాన్న ఏమనేవాడని అడిగాను.

"తిన్నేదనీవోడు. మంచం మీద కూడా అదే మాట, నాను బడి టేకు తిన్నేదే అని. సిగ్గుపడి అంటన్నాడని మేవందరం నవ్వీవోళ్ళం."

పాసింజరు వచ్చింది. ఆమె గంప ఎత్తడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. వెళ్ళిపోయింది. మళ్ళీ ఏమీ చెప్పలేదు. ఆమె గర్వాన్ని ఎందుకు చెడగొట్టాలి, తండ్రి తల్లి కోసం సముద్రాన్ని కూడా లెక్కచేయలేదని నమ్ముకుని హాయిగా ఉంది కదా, అని ఇంటికొచ్చేదాకా చెప్పుకున్నాను. వినడానికి బాగుంటుంది. నిజం ఏమిటంటే, ఆ గుమ్మం దగ్గర పట్టిన భయమే స్టేషన్లోనూ పట్టింది.

కట్టుకున్న భార్య నమ్మలేదు. కన్న కూతురు నమ్మలేదు. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ముక్కలిచ్చిన బావమరిది చెప్పినా సొంతవాణ్ణి కాస్తున్నాడనే అనుకున్నారు, అతనూ పోయాడు. అతను చెప్పింది నిజమని తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. నేను పోతే అది కూడా ఉండదు. అందుకే రాస్తున్నాను. ముల్లు నా ముందు బల్ల మీదే ఉంది. పీచు ఎప్పుడో పొడై రాలిపోయింది, పళ్ళు మాత్రం ఇప్పటికీ వేలికి గుచ్చుకుంటాయి. ఇది ఏ బాలింత ఇంట్లోనూ లేదు, నా సంచిలో ఉంది.

నన్ను మీరు ఏమనుకున్నా సరే. అనుకోండి. ఆ రోజు గుమ్మంలో నిలబడి అతను అడిగిన మాట ఒక్కటే, ఇంకేటీ చెప్పొద్దన్నాడు. నేనే చాలా చెప్పాను. ఆ ఒక్కటి కూడా చెప్పేసి ఊపిరి తీసుకుంటాను.

అప్పన్న తినలేదు.